హెర్నియాకు మెష్ వేయించుకున్న తర్వాత ఏమేమి గమనించాలి?

పొట్ట గోడకు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన మెష్ (వల) అమర్చి హెర్నియాను, అంటే పొట్ట గోడలోని బలహీనమైన చోటు నుంచి లోపలి భాగం బయటకు పొడుచుకురావడాన్ని, సరిచేసిన తర్వాత, డిశ్చార్జి కాగితాలలో మెష్ రకం, ఆపరేషన్ తేదీ రాసి ఉన్నాయో లేదో చూసుకొని వాటిని భద్రపరచండి. ఏళ్ల తర్వాత ఇబ్బంది వచ్చినా అవి అక్కరకు వస్తాయి.

కొద్ది రోజుల్లో కుట్ల దగ్గర మెత్తటి ఉబ్బు కనిపిస్తే హెర్నియా మళ్లీ వచ్చిందని చాలామంది కంగారుపడతారు గాని, అది తరచుగా మెష్ చుట్టూ చేరిన నీరు, అంటే సెరోమా. నొప్పి, జ్వరం లేకపోతే సాధారణంగా కొన్ని వారాలలో శరీరమే దానిని పీల్చుకుంటుంది; తొందరపడి సూదితో తీయిస్తే సూక్ష్మక్రిములు మెష్ వరకు చేరే ప్రమాదం ఉంది. దగ్గినప్పుడు పొంగి, పడుకుంటే లోపలికి పోయే ఉబ్బును మాత్రం సర్జన్‌కు చూపించి, అవసరమైతే స్కాన్ చేయించుకోవాలి.

గాయం ఎర్రబడి వేడెక్కడం, చీము కారడం, జ్వరం రావడం ఇన్ఫెక్షన్ సూచనలు. ఇది నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచాక కూడా బయటపడవచ్చు కనుక, మందుల షాపులో యాంటీబయోటిక్ కొనుక్కొని ఊరుకోవద్దు. 3 నెలలు దాటినా తగ్గని నొప్పిని దీర్ఘకాలిక నొప్పిగా పరిగణిస్తారు. ఓర్చుకోవడం దానికి చికిత్స కాదు.

పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోకపోతే పేగు అడ్డుపడి ఉండవచ్చు. ఏమీ తినకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.