పాత చర్చిని చదవడం – 4వ పాఠం: రాయి మీద సంవత్సరం

గత పాఠం చివర ఒకే ఒక్క పని చెప్పాను. మీ ఊరి చర్చి ఎప్పుడు కట్టారో తేల్చి, రుజువు ఫోటో పంపండి అని. ఒడిశాలోని కోరాపుట్, జయపురం, రాయగడ, గుణుపురం వైపు నుంచి వచ్చిన జవాబుల్లో ఎక్కువ వాటిలో ఒకటే సంవత్సరం: 1882. కొండ మీద పదిళ్ల ఊళ్లో పెంకుటింటి మందిరమూ 1882, రోడ్డు పక్కన శ్లాబు చర్చీ 1882. ఒక ఫోటోలో అయితే ముఖద్వారం పైన ఎనామిల్ పెయింటుతో ఆ అంకెలు మెరిసిపోతున్నాయి, వాటి పక్కనే రెండో అంతస్తు కోసం వదిలిన ఇనుప చువ్వలు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి.

కిటికీ కమానుల గురించి చెప్పాలనుకున్నాను. అది ఆపేసి, ఈ సంవత్సరం సంగతే తేల్చేద్దాం.

జర్మనీ ఉత్తర భాగంలో, ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లోని బ్రెక్లుం అనే ఊళ్లో క్రిస్టియన్ యెన్‌సెన్ అనే పాస్టరు 1876లో ఒక మిషన్ మొదలుపెట్టాడు. ఆ మిషన్ వాళ్లు కోరాపుట్ కొండల్లో పని ప్రారంభించిన ఏడు 1882. 1928లో అదే జయపురం ఎవాంజెలికల్ లూథరన్ సంఘంగా ఏర్పడింది. కాబట్టి ఆ సంఘం కిందున్న ఏ మందిరమైనా తన గోడ మీద 1882 రాసుకోవచ్చు. రాసినవాళ్లది తప్పు కాదు. అది సంఘం వయసు, గోడ వయసు కాదు. తాత ఆధార్ కార్డు చూపించి మనవడికి పెన్షన్ అడిగినట్టుంది మీ రుజువు.

ఇక ఫలకం ఉన్నవాళ్ల సంగతి. అంకె కనపడగానే ఫోటో తీసి పంపేశారు, చుట్టూ ఉన్న మాటలు చదవలేదు. నాకు చిరాకు తెప్పించేది ఇదే. అంకెను చివర చదవండి. ముందు ఆ ఏడు ఏం జరిగిందో చెప్పే మాట వెతకండి. 'శంకుస్థాపన' అని ఉంటే గోడలు అప్పటికి లేవలేదు. 'ప్రతిష్ఠ' అని ఉంటే అప్పటికి ఆరాధన జరుపుకునేంత పని అయింది, గంట గోపురం ఇంకా లేకపోవచ్చు. 'పునర్నిర్మాణం' అని ఉంటే దాని వెనక ఇంకో చర్చి ఉంది, దాన్ని వెతకాలి. 'జూబిలీ' అని ఉంటే 25 తీసేయాలా, 50 తీసేయాలా, 100 తీసేయాలా అన్నది పక్క మాటలో ఉంటుంది. తీసేశాక వచ్చేది కూడా చాలాసార్లు సంఘం మొదలైన ఏడే. 'జ్ఞాపకార్థం' అన్నది అన్నిటికన్నా మోసం. ఎవరో పెద్దాయన పోయిన సంవత్సరం అది, ఆయన పిల్లలు గచ్చు వేయించారు. గచ్చు వయసు తెలుస్తుంది, అంతే.

శంకుస్థాపనకూ ప్రతిష్ఠకూ మధ్య ఏళ్లకేళ్లు పోవచ్చు. డబ్బు ఆగిపోతుంది, వానలకు మట్టిగోడ కూలుతుంది. ఈ కొండల్లో ఇంకో కారణం కూడా ఉంది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక బ్రిటిష్ ప్రభుత్వం జర్మన్ మిషనరీలను నిర్బంధించి, తర్వాత వెనక్కి పంపేసింది. కాబట్టి ఒకే చర్చికి రెండు రాళ్లు, వాటి మధ్య పెద్ద ఖాళీ కనిపిస్తే ఒకటి తప్పని కొట్టేయకండి. రెండూ రాసుకోండి.

ఇప్పుడు నా అడ్డదారి. రాయి మీద ఏ సంవత్సరం చెక్కి ఉన్నా, నేను ముందు చూసేది జిల్లా పేరు. కోరాపుట్ జిల్లా ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న, ఒరిస్సా రాష్ట్రంతో పాటే. అంతకుముందు ఈ కొండలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో ఉండేవి. అంటే 'కోరాపుట్ జిల్లా' అని చెక్కిన రాయి మీద 1889 అని ఉంటే, ఆ ఏడు ఏదో జరిగి ఉండొచ్చు, రాయి మాత్రం 1936 తర్వాత చెక్కిందే. రాయగడ జిల్లా, గజపతి జిల్లా 1992లో వచ్చాయి. రాయగడ కోరాపుట్ నుంచి, గజపతి గంజాం నుంచి విడిపోయాయి. పర్లాకిమిడి దగ్గర 'గంజాం జిల్లా' అన్న రాయి కనిపిస్తే అది 1992కు ముందుదని అనుకోవచ్చు గానీ, అంతకంటే పాతదని మురిసిపోకండి. మీరు పంపిన ఫలకాల్లో చాలావాటి పని ఈ ఒక్క పరీక్షతో తేలిపోయింది.

ఒడియా అంకెల దగ్గర కూడా కొందరు బోల్తా పడ్డారు. ఒడియాలో ఒకటి చూడ్డానికి ఇంగ్లీషు తొమ్మిదిలా ఉంటుంది. నాలుగు, పైన మూత తీసిన ఎనిమిదిలా ఉంటుంది. సున్నం పొరల కింద ఆ పైన ఖాళీ పూడిపోతే 1954 కాస్తా 1958 అవుతుంది. సున్నాన్ని గీకొద్దు, తడిగుడ్డతో రుద్దొద్దు, సుద్ద పూసి ఫోటో తీయొద్దు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్లండి. ఎండ తగలని గోడైతే చీకటి పడ్డాక ఫోన్ టార్చిని గోడకు ఆనించి పక్కనుంచి వెలిగించండి. అక్షరాల నీడలు లేచి కనిపిస్తాయి. ఫ్లాష్ వేస్తే మొత్తం చదునైపోతుంది.

పెంకు మీద ముద్ర ఉందని రుజువుగా పంపినవాళ్లకు ఒక మాట. మంగళూరు పెంకులు బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ 1865లో మొదలుపెట్టింది. ముద్ర పెంకుది, గోడది కాదు. ఈ కొండల్లో మొదట గడ్డి కప్పు, తర్వాత పెంకు, ఆ తర్వాత రేకులు. కప్పు ఎన్నిసార్లైనా మారుతుంది. ఆ బరువంతా కొండకు ఎలా చేరిందో కూడా ఆలోచించండి. రాయగడ మీదుగా రాయపూర్ దాకా రైలు దారి పూర్తయింది 1931లో. నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో వచ్చినా, గుణుపురం చేరింది కూడా 1931లోనే. అంతకుముందు ఎడ్లబండ్లే గతి.

గంట ఉంటే అదృష్టం. దాని మీద పోతపోసిన ఏడు ఉంటుంది, అది గంటదే. తుప్పు పట్టి ఉంటే ఉక్కు గంట కావచ్చు. జర్మనీలోని బోఖుమ్‌లో పోసిన ఉక్కు గంటలు చాలా దేశాల చర్చిలకు వెళ్లాయి, ఆ ఊరి పేరు అంచు మీద వెతకండి.

బలిపీఠం, ప్రసంగ వేదిక గత పాఠంలో అయిపోయాయి, మళ్లీ చెప్పను. పర్లాకిమిడి వైపు మందిరంలో బాప్తిస్మపు చిన్న తొట్టి లేదేమని ఒకరు అడిగారు. అక్కడ పనిచేసింది కెనడా బాప్టిస్టులు. వాళ్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, పెద్దవాళ్లను నీళ్లలో ముంచుతారు. దానికి వాగో చెరువో చాలు.

ఈసారి అభ్యాసం కాస్త కష్టం. ఒక్క రాయే తీసుకోండి. రాయి మీద వరుసలు ఎలా విరిగాయో అలాగే, అక్షరం పొల్లు పోకుండా కాపీ చేయండి. చదవలేని చోట చుక్క పెట్టండి, ఊహించి నింపొద్దు. తర్వాత ఆదివారం కాకుండా వేరే రోజు పాస్టరు అయ్యగారిని కలిసి పెళ్లిళ్ల రిజిస్టరు చూపించమని అడగండి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం అది ఉండాలి. పెళ్లి ఎక్కడ జరిగిందో అందులో రాస్తారు. మీ మందిరం పేరు మొదటిసారి ఏ పెళ్లి దగ్గర కనిపించిందో ఆ తేదీ మాత్రం రాసుకోండి, వధూవరుల పేర్లు వద్దు. ఆ తర్వాత ఇద్దరు పెద్దవాళ్లను విడివిడిగా అడగండి. ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెడితే ఒకరి మాట ఇంకొకరు చెప్తారు. నాలుగూ ఒక తెల్ల కాగితం మీద పెట్టి, కలవని చోట పెన్సిల్‌తో గీత గీయండి. నాకు ఆ గీతలే పంపండి, జవాబు వద్దు. ఫోటో పేరులో ఊరి పేరు తప్పకుండా రాయండి, పోయినసారి ఏ ఫోటో ఎవరిదో తేల్చలేక చచ్చాను.