ఎక్కాల చార్టు: వంద గళ్ళలో కష్టమైనవి పదిహేనే

మా మేనల్లుడిది శ్రీకాకుళం జిల్లాలో జీడి, కొబ్బరి తోటలుండే ఉద్దానం ప్రాంతంలోని కవిటి. నాలుగో తరగతి. గోడకి రంగురంగుల ఎక్కాల చార్టు కొని అంటించారు. "ఏడు ఎనిమిదులు ఎంతరా?" అని అడిగితే "ఏడు ఒకట్ల ఏడు" దగ్గర మొదలెట్టేవాడు. మధ్యలో ఎవరైనా పిలిస్తే మళ్ళీ మొదటికే. కొన్న చార్టు తీసేసి, వాడి చేతే ఒకటి గీయించాం.

కావలసినవి పాత క్యాలెండరు, స్కేలు, పెన్సిలు, రెండు రంగుల స్కెచ్ పెన్నులు, గుప్పెడు చింతపిక్కలు. పచ్చి జీడిపిక్కలు మాత్రం వద్దు. పెంకులోని జీడి అంటితే చర్మం కాలుతుందని ఉద్దానం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

ముందు వరసలు చూపించండి

పిక్కల్ని ఆరు వరసలుగా, వరసకి ఏడేసి పేర్చమనండి. తర్వాత పిల్లాణ్ణి పక్కకి వచ్చి చూడమనండి. ఇప్పుడు ఏడు వరసలు, ఆరేసి పిక్కలు. ఎటు చూసినా 42. మావాడికి ఇది తోటలో అర్థమైంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి కొబ్బరిచెట్లు పడిపోయాక వాళ్ళ తాత మళ్ళీ మొక్కలు నాటాడు. గట్టు వైపు నుంచి ఒకసారి, బావి వైపు నుంచి ఒకసారి వాడే లెక్కపెట్టుకున్నాడు. ఈ ఒక్కటి తెలిస్తే పని దాదాపు సగం తగ్గుతుంది.

తర్వాత గళ్ళు

క్యాలెండరు వెనక అడ్డంగా పదకొండు, నిలువుగా పదకొండు గళ్ళు గీయించండి. గడి 2 సెంటీమీటర్లు ఉంటే చాలు. మూల గడిలో ఇంటూ గుర్తు, పై వరసలోనూ ఎడమ వరసలోనూ 1 నుంచి 10. గీతలు వంకరగా వస్తే రానివ్వండి.

నింపే క్రమమే ముఖ్యం

ఒకటో ఎక్కం నుంచి వరసగా నింపొద్దు. ముందు 1, 10. ఆ తర్వాత 2, 5. ఇవి పిల్లలకి ఎలాగూ వచ్చు, ఒక రంగుతో నింపేయమనండి. ఇంకా 36 గళ్ళు ఖాళీ.

ఇప్పుడు తొమ్మిదో ఎక్కం, వేళ్ళతో. పది వేళ్ళూ చాపాలి. తొమ్మిది నాలుగులు కావాలంటే ఎడమ నుంచి నాలుగో వేలు ముడవాలి. దానికి ఎడమవైపు మూడు, కుడివైపు ఆరు. అంటే 36. ఇలా పది వరకూ వస్తుంది.

మిగిలేవి 25 గళ్ళు. వాటిలో 3×7, 7×3 లాంటి జంటల్ని ఒక్కటిగా లెక్కేస్తే నేర్చుకోవలసినవి పదిహేనే. 3, 4, 6, 7, 8 తమలో తాము గుణించుకునేవి. వీటిని రెండో రంగుతో నింపించండి. వంద చూసి బెదిరినవాడికి పదిహేను అనగానే టెన్షన్ తగ్గుతుంది, పెద్దవాళ్ళకి కూడా.

పదిహేను చీటీలు

పాత పెళ్ళికార్డులు కత్తిరించి ముందు లెక్క, వెనక జవాబు రాయించండి. రోజుకి మూడు కొత్తవి, పాతవి కలిపేసి అడగండి. అయిదు నిమిషాలు దాటొద్దు. గుర్తు రాకపోతే అరవకుండా దగ్గరి దారి చూపించండి: ఆరు ఎనిమిదులు తెలియదా? అయిదు ఎనిమిదులు 40, ఇంకో ఎనిమిది, 48. అన్నిటికన్నా మొండిది ఏడు ఎనిమిదులు. దానికి 5, 6, 7, 8 అని వరసగా రాసి చూపించండి: 56 = 7×8.

ఇంట్లో అమ్మమ్మ "ఏడు ఎనిమిదులు" అంటుంది, బడిలో "సెవెన్ ఎయిట్ జా" అంటారు. ఏదో ఒకటి నోటికి వచ్చేదాకా రెండూ కలపొద్దని నా అభిప్రాయం.

తిరగేసి అడగండి

"24 ఎన్ని గళ్ళలో ఉందో వెతుకు" అనండి. నాలుగు చోట్ల దొరుకుతుంది. 36 మూడు చోట్ల, 49 ఒక్కచోటే. మావాడికి అన్నిటికన్నా నచ్చిన ఆట ఇదే. తర్వాత భాగహారం నేర్పేటప్పుడు దీని ఉపయోగం తెలుస్తుంది.

తడుముకోకుండా చెప్పిన జవాబు గడి మీద కాగితం ముక్క అంటిస్తూ పొండి. చార్టంతా మూసుకుపోయాక తీసేయొచ్చు. దాన్ని చెల్లికి మాత్రం ఇవ్వకండి. ఆ పిల్లకి ఇంకో క్యాలెండరు, ఇంకో స్కేలు ఇవ్వండి.