సైనైడ్‌కి లొంగని ఖనిజం నుంచి బంగారం రాబట్టాలంటే

ఖనిజాన్ని సైనైడ్ ద్రావణంలో కలిపి బంగారాన్ని కరిగించి తీసేటప్పుడు (దీన్నే లీచింగ్ అంటారు) రికవరీ, అంటే చేతికొచ్చే బంగారం వాటా, 50, 60 శాతం దగ్గర ఆగిపోతే చాలామంది వెంటనే సైనైడ్ మోతాదు పెంచేస్తారు. బంగారం పైరైట్, ఆర్సెనోపైరైట్ లాంటి సల్ఫైడ్ (గంధకం ఉన్న) ఖనిజాల్లో ఇరుక్కుని ఉంటే సైనైడ్ దాన్ని తాకనే తాకదు, ఎంత పోసినా దండగే. అది ఎక్కడ ఇరుక్కుందో ముందు తేల్చుకోండి.

లీచింగ్ అయ్యాక మిగిలిన టెయిలింగ్స్‌ని (వ్యర్థపు పొడిని) సైజులవారీగా జల్లించి ఒక్కో భాగంలో బంగారం ఎంతుందో విడిగా పరీక్ష చేయించండి. ముతక భాగంలోనే ఉండిపోతే మీ అదృష్టం, ఇంకాస్త మెత్తగా నూరితే చాలావరకు బయటపడుతుంది. సన్నటి పొడిలో కూడా మిగిలిందంటే డయాగ్నస్టిక్ లీచింగ్ తప్పదు. అంటే అదే నమూనాకి ముందు మామూలు సైనైడ్ పెట్టి, తర్వాత నైట్రిక్ ఆమ్లంతో సల్ఫైడ్లని కరిగించి, బాగా కడిగి సున్నంతో ఆమ్లం పోగొట్టి మళ్ళీ సైనైడ్ పెట్టి, చివరికి మిగిలినదాన్ని కాల్చి కార్బన్ పోగొట్టి ఇంకోసారి పెడతారు. ఏ దశలో ఎంత బంగారం వచ్చిందో చూస్తే అసలు దొంగ దొరికిపోతాడు.

సల్ఫైడ్లే కారణమైతే ఖనిజమంతా ట్రీట్ చేయనక్కర్లేదు. ఫ్లోటేషన్‌తో, అంటే నురగలో తేలేలా చేసి, సల్ఫైడ్లని వేరు చేసి ఆ కాన్సెంట్రేట్‌నే (సల్ఫైడ్లు చిక్కగా చేరిన భాగాన్నే) ఆక్సిడైజ్ చేయండి, అంటే ఆక్సిజన్‌తో సల్ఫైడ్లని విడగొట్టండి. రోస్టింగ్ (గాలిలో కాల్చడం) పాతకాలపు దారి, కానీ ఆర్సెనిక్ ఉంటే పొగలోంచి దాన్ని పట్టుకోవడం పెద్ద తలనొప్పి, పైగా వేడి ఎక్కువైతే గుల్లగా ఉండాల్సిన ఐరన్ ఆక్సైడ్ గట్టిపడి బంగారాన్ని మళ్ళీ మూసేస్తుంది. ఆటోక్లేవ్‌లో (ఒత్తిడిని తట్టుకునే మూసిన పాత్రలో) సుమారు 190 నుంచి 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆక్సిజన్‌తో చేసే ప్రెషర్ ఆక్సిడేషన్ బాగా పనిచేస్తుంది, పెట్టుబడే భారం. బ్యాక్టీరియాతో చేసే బయో ఆక్సిడేషన్‌కి రోజులు పడుతుంది, 40 డిగ్రీల చుట్టుపక్కల వేడి నిలకడగా ఉండాలి. దక్షిణాఫ్రికాలోని ఫెయిర్‌వ్యూ గనిలో ఇది 1986 నుంచీ నడుస్తోంది. కొన్ని ఖనిజాలకి 10, 15 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వరకు నూరడమే సరిపోతుంది, కాబట్టి ఖరీదైన దారి పట్టేముందు అది ప్రయత్నించడం మంచిది.

కార్బన్ సంగతి వేరు. లీచ్ ద్రావణంలో బంగారం మొదట పెరిగి, కొన్ని గంటల తర్వాత తగ్గుతూ పోతుంటే ఖనిజంలోని సహజ కార్బన్ దాన్ని తిరిగి పీల్చుకుంటోందని అనుమానించండి. అప్పుడు యాక్టివేటెడ్ కార్బన్‌ని (ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గుని) లీచింగ్ మొదటి నుంచే ట్యాంకులో వేస్తే, బంగారం దాని మీదికే ముందుగా చేరుతుంది.

పైరోటైట్ అనే ఐరన్ సల్ఫైడ్ ఖనిజం బంగారం కరగడానికి కావాల్సిన ఆక్సిజన్‌ని తినేస్తుంది, కాబట్టి సైనైడ్ వేయకముందే సున్నం కలిపి కొన్ని గంటలు గాలి కొట్టించండి. రాగి మాత్రం సైనైడ్‌ని తినేస్తుంది, దాన్ని ముందే ఫ్లోటేషన్‌లో తీసేయగలిగితే మేలు.

ఆక్సిడేషన్ అయిన స్లర్రీ (నీళ్ళు కలిసిన ఖనిజపు పొడి) గట్టి ఆమ్లంగా ఉంటుంది. దాన్ని కడిగి, సున్నంతో పీహెచ్ 10.5కి తెచ్చి, మీటర్‌లో చూశాకే సైనైడ్ ముట్టుకోండి. ఆమ్లంలో పడితే వచ్చే హైడ్రోజన్ సైనైడ్ వాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది, కాబట్టి ఈ పరీక్షలన్నీ లైసెన్సు, గ్యాస్ అలారం ఉన్న ల్యాబ్‌లోనే చేయించండి.