క్షీరదాన్ని గుర్తుపట్టడం – 3వ పాఠం: చెవి గుర్తు తప్పే చోటు

పోయిన పాఠంలో ఆవు, మేక, ఉడుత, కాకి, బల్లి పేర్లు రాసి, ఎదురుగా ‘చెవి డొప్పలు ఉన్నాయా?’ అన్న గడి నింపారు కదా. ఆ పట్టిక తీయండి. చెవి డొప్పలున్నవి పిల్లల్ని కంటాయి, లేనివి గుడ్లు పెడతాయి అన్న గుర్తు మన పెరట్లో చక్కగా సరిపోయింది. ఇవాళ దాని కింద ఇంకో నాలుగు పేర్లు చేర్చండి: డాల్ఫిన్, ప్లాటిపస్, అలుగు, గబ్బిలం.

డాల్ఫిన్‌కు చెవి డొప్పలు లేవు, కంటి వెనక చిన్న రంధ్రం మాత్రమే ఉంటుంది. అయినా పిల్లనే కంటుంది, నీళ్లలోనే పాలిస్తుంది. ఆస్ట్రేలియాలో ఉండే ప్లాటిపస్ గుడ్లు పెడుతుంది. కానీ పిల్లలు బయటికి వచ్చాక పాలే ఇస్తుంది. దానికి చనుమొనలు ఉండవు. పొట్ట మీది చర్మంలోంచి పాలు ఊరితే పిల్లలు అక్కడే జుర్రుకుంటాయి. కాబట్టి పిల్లల్ని కనడం కాదు, పాలివ్వడమే అసలు గుర్తు. క్షీరం అంటే పాలేగా!

పాలిచ్చేటప్పుడు చూడటం అన్నిసార్లూ కుదరదు. అందుకే పట్టికలో ‘వెంట్రుకలు’, ‘పళ్లు’ అని రెండు గడులు కొత్తగా గీయండి.

కింద రాలిన కాకి ఈక ఒకటి తెచ్చి, మీ తల వెంట్రుక పక్కన పెట్టి భూతద్దంతో చూడండి. ఈకకు నడుమ కాడ, రెండు పక్కలా పీచులు ఉంటాయి. వెంట్రుక ఒకటే పోగు. (ఈక ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి.) అలుగు ఒంటి మీద పొలుసులు చూసి చాలామంది దాన్ని పాముల జాతిలో రాసేస్తారు. ఆ పొలుసులు మన గోళ్లు ఏ పదార్థంతో తయారయ్యాయో దానితోనే తయారయ్యాయి, పొట్ట కింద వెంట్రుకలున్నాయి. అది క్షీరదమే. డాల్ఫిన్ పిల్లకైతే పుట్టినప్పుడు మూతి మీద కొన్ని వెంట్రుకలుండి తర్వాత రాలిపోతాయి.

అద్దంలో మీ పళ్లు చూసుకోండి. ముందువి కొరకడానికి, పక్కన కోరలు, వెనక నమలడానికి దంతాలు. బల్లి పళ్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. మేక దగ్గర తప్పు జరుగుతుంది: పైన ముందు పళ్లుండవు, గట్టి చిగురే ఉంటుంది. కింద ముందు ఎనిమిది పళ్లు, వెనక దవడ దంతాలు ఉంటాయి. అలుగుకు ఒక్క పన్నూ లేదు, చీమల్ని, చెదల్ని నాలుకతో లాగేస్తుంది. అందుకే పళ్లు లేవని దేన్నీ కొట్టేయకండి, వెంట్రుకల గడి చూడండి.

ఇక గబ్బిలం. మీ అరచెయ్యి చాచండి. బొటనవేలు వదిలేసి, మిగతా నాలుగు వేళ్లూ ఒంటి పొడవున సాగి, వాటి మధ్య పల్చటి చర్మం ఉందనుకోండి. గబ్బిలం రెక్క అదే. బొటనవేలు కొక్కెంలా విడిగా ఉంటుంది. ఈకలు లేవు, ఒంటినిండా బొచ్చు, చెవి డొప్పలు. పిల్ల తల్లి పొట్టను పట్టుకుని వేలాడుతూ పాలు తాగుతుంది. గబ్బిలాలు వేలాడే చెట్టుకు దూరంగా నిలబడి చూడండి. కింద పడిన గబ్బిలాన్ని మాత్రం ముట్టుకోవద్దు, కరిస్తే రేబిస్ లాంటి జబ్బులు రావచ్చు.

వచ్చే పాఠంలోపు పావురం పేరు చేర్చి గడులు నింపండి. తల్లీ తండ్రీ ఇద్దరూ గొంతు సంచిలో ఊరే తెల్లటి ముద్దను పిల్లలకు తినిపిస్తారు, దాన్ని ‘పావురం పాలు’ అంటారు. పట్టికలో ‘పాలు’ అన్న గడి కూడా గీయండి. అందులో అవునని రాస్తారో, కాదని రాస్తారో, పక్కన కారణం కూడా రాయండి.