బెంగళూరు ఇంట్లో ఫైబర్ ఇంటర్నెట్: డబ్బు కట్టిన వేగాన్ని పూర్తిగా అందుకోవడం ఎలా

మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల్లో అద్దెకు దిగే తెలుగు కుటుంబాలు ఇల్లు చూడగానే కావేరి నీళ్లు వస్తాయా అని అడుగుతాయి, ఆ వెంటనే ఫైబర్ లైన్ ఉందా అని అడుగుతాయి. ఇద్దరు ఇంటి నుంచి ఉద్యోగం చేస్తూ, పిల్లలు ఆన్‌లైన్ పాఠాలు వింటూ, రాత్రి ఊళ్లో ఉన్న అమ్మానాన్నలతో వీడియో కాల్ ఆగకుండా సాగాలని కోరుకోవడం అత్యాశేమీ కాదు. అయితే ఖరీదైన ప్లాన్ తీసుకున్నంత మాత్రాన అది తీరదు. లైన్ ఇంట్లోకి ఎలా వచ్చింది, లోపల ఎలా అమరింది అన్న దానిమీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ముందుగా అవసరం లెక్క వేసుకోండి. 4కే వీడియోకు 15 ఎంబీపీఎస్ (సెకనుకు 15 మెగాబిట్లు) ఉండాలని నెట్‌ఫ్లిక్స్ సూచిస్తుంది. స్పష్టమైన వీడియో కాల్‌కు నాలుగైదు ఎంబీపీఎస్ సరిపోతుంది. కాబట్టి నలుగురున్న ఇంటికి 100 ఎంబీపీఎస్ చాలునని నా అభిప్రాయం. పెద్ద ఫైళ్లతో పనిచేసేవారి సంగతి వేరు: 10 జీబీ ఫైల్ దిగడానికి 100 ఎంబీపీఎస్‌లో సుమారు 13 నిమిషాలు పడితే, 1 జీబీపీఎస్‌లో (అంటే 1000 ఎంబీపీఎస్) నిమిషంన్నర లోపే పూర్తవుతుంది. అప్‌లోడ్ వేగం ఎంత, నెలకు ఎంత డేటా దాటితే వేగం తగ్గిస్తారు, చెప్పిన ధరలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందా అన్నవి డబ్బు కట్టకముందే అడగండి.

అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. ఫైబర్ మీ ఫ్లాట్ లోపలి దాకా వస్తుందా, లేక భవనం కింద ఉన్న స్విచ్ (కనెక్షన్‌ను ఫ్లాట్లకు పంచే పరికరం) దగ్గరే ఆగి, అక్కడి నుంచి లాన్ కేబుల్ (రాగి తీగల నెట్‌వర్క్ కేబుల్) వేస్తారా? రెండో పద్ధతిలో కరెంటు పోయినప్పుడు ఆ స్విచ్‌కు బ్యాకప్ లేకపోతే, మీ ఇంట్లో యూపీఎస్ ఉన్నా ప్రయోజనం ఉండదు. ఇంటిదాకా వచ్చే జీపాన్ లైన్లలో (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పద్ధతి) సుమారు 2.5 జీబీపీఎస్ డౌన్‌లోడ్, 1.25 జీబీపీఎస్ అప్‌లోడ్ సామర్థ్యాన్ని కాంతిని విడగొట్టే స్ప్లిటర్ ద్వారా సాధారణంగా 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. అందువల్ల అదే భవనంలో అదే కంపెనీ లైన్ వాడుతున్నవారిని, రాత్రి తొమ్మిది గంటల వేళ వేగం ఎలా ఉంటోందో అడిగి తెలుసుకోవడం ఏ ప్రకటన చదవడం కన్నా మేలు.

లైన్ వేసే రోజు దగ్గరుండి చూసుకోండి. కాంతి ప్రయాణించే గాజు పోగు లోపలి భాగం 9 మైక్రాన్ల మందమే ఉంటుంది. కేబుల్‌ను తలుపు సందులో నొక్కినా, గోడ మూలలో మడత పడేలా మేకు కొట్టినా కాంతి ఆ వంపు దగ్గరే బయటికి పోతుంది. ఆకుపచ్చ కనెక్టర్ కొసను వేలితో తాకనివ్వకండి, ఎందుకంటే కంటికి కనిపించని దుమ్ము కూడా సిగ్నల్‌ను తగ్గిస్తుంది. పని ముగిశాక అందే కాంతి బలాన్ని కొలిచే పవర్ మీటర్ పెట్టి చూపించమని టెక్నీషియన్‌ను అడగండి. ఈ బలాన్ని డీబీఎంలలో చెబుతారు; మైనస్ అంకె పెద్దదయ్యేకొద్దీ కాంతి తగ్గినట్టు. మైనస్ 20 డీబీఎం దరిదాపుల్లో ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. మైనస్ 27కు చేరితే మామూలు ఓఎన్‌టీ (ఫైబర్ కాంతిని ఇంటర్నెట్ సిగ్నల్‌గా మార్చే, ఇంట్లోని పెట్టె) పనిచేయగల హద్దుకు వచ్చినట్టే. 3 డీబీ తగ్గిందంటే కాంతి సగమైందని అర్థం. ఆ అంకెను, తేదీని కాగితం మీద రాసి ఓఎన్‌టీ పెట్టెకు అంటించండి. ఆరు నెలల తర్వాత వేగం పడిపోతే, మళ్లీ కొలిపించి ఆ అంకెతో పోల్చితే లోపం లైన్‌లో ఉందో ఇంట్లో ఉందో తేలుతుంది.

బెంగళూరులో చాలా కేబుళ్లు చెట్ల మీదుగా, కరెంటు స్తంభాల మీదుగా వెళ్తాయి గనుక, వానాకాలంలో కొమ్మ విరిగితే లైన్ తెగుతుంది. ఓఎన్‌టీ మీద ఎల్ఓఎస్ అనే ఎర్ర దీపం వెలుగుతుంటే కాంతి అందడం లేదన్నమాట; పెట్టెను పదేపదే ఆపి మళ్లీ ఆన్ చేస్తూ కూర్చోకుండా వెంటనే ఫిర్యాదు చేయండి.

వై-ఫై పెట్టెను టీవీ వెనకో, బీరువాలోనో దాచకుండా ఇంటి మధ్యలో ఎత్తుగా ఉంచండి. దగ్గరగా ఉండే పరికరాలకు 5 గిగాహెర్ట్జ్, గోడల అవతల ఉన్నవాటికి 2.4 గిగాహెర్ట్జ్ నయం. లాన్ కేబుల్‌లోని ఎనిమిది తీగల్లో నాలుగే కలిస్తే, ఎంత పెద్ద ప్లాన్ తీసుకున్నా వేగం 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో లింక్ స్పీడ్ 1000 అని చూపిస్తోందో లేదో చూడండి.

వేగాన్ని ముందు లాన్ కేబుల్‌తో, తర్వాత వై-ఫైతో పరీక్షించండి. ఆన్‌లైన్ ఆటలు ఆడేవారు ఒక విషయం గమనించాలి: గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే వెళ్తుంది. చెన్నై నుంచి సింగపూర్‌కు సముద్ర గర్భంలో వేసిన ఐ2ఐ కేబుల్ పొడవు దాదాపు 3,200 కిలోమీటర్లు కాబట్టి, వెళ్లి రావడానికే 32 మిల్లీసెకన్లు పడుతుంది. ఏ ప్లానూ దాన్ని తగ్గించలేదు.

లాన్ మీద కూడా వేగం రాకపోతే ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్ (ఫిర్యాదు సంఖ్య) తీసుకోండి. గడువులోగా పరిష్కారం కాకపోతే, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకోవచ్చు. అప్పుడు ఆ పవర్ మీటర్ అంకెను, లాన్ పరీక్ష ఫలితాల స్క్రీన్‌షాట్లను జతచేయండి.