జీతం ఆగితే ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుంది?

డబ్బు టెన్షన్ పట్టుకుంటే నేను ముందు కాగితం తీస్తాను. అద్దె, అప్పు వాయిదాలు, కరెంటు, సరుకులు, అంటే తప్పనిసరి ఖర్చులే రాస్తాను. జీతం ఆగితే పొదుపు ఎన్ని నెలలు లాగుతుందో అక్కడే తేలిపోతుంది.

జబ్బో దెబ్బో తగిలి పని చేయలేనప్పుడు నెలనెలా డబ్బిచ్చే బీమా, అంటే ఆదాయ రక్షణ పాలసీకి ఆ లెక్కే ఆధారం. జబ్బు చేసిన మర్నాడే డబ్బు రాదు, వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. అది ఎక్కువైతే ప్రీమియం తగ్గుతుంది. 90 రోజులది తీసుకుంటే నాలుగు నెలల ఖర్చు దగ్గరుంచుకోండి. మొదటి చెల్లింపు తరచూ ఇంకో నెల గడిచాకే వస్తుంది. అదీ జీతంలో కొంత భాగమే.

ప్రీమియం కన్నా నేను ముందు చూసేది ‘పని చేయలేకపోవడం’ నిర్వచనం. వేళ్లు దెబ్బతిన్న దర్జీ కూర్చుని ఫోన్లు ఎత్తగలడు కదా అని క్లెయిమ్ కొట్టేసే పాలసీలున్నాయి. మీరు చేసే వృత్తి చేయలేకపోతే చాలు, డబ్బిచ్చే పాలసీనే అడగండి.

పాలసీ తీసుకునేటప్పుడు బీపీ, షుగర్ ఉంటే దాచకండి.