దేహదానం చేయాలంటే ముందు ఇంట్లో చెప్పాలి

పోయాక మన ఒంటిని డాక్టరు చదువుల కోసం మెడికల్ కాలేజీకి ఇవ్వడమే దేహదానం. ఆ ఫారం మీద సంతకం మనదే. కానీ మనం పోయాక కాలేజీకి ఫోన్ చేయాల్సింది ఇంటోళ్లు. వాళ్లు వద్దంటే ఆ కాగితం బీరువాలోనే ఉండిపోతుంది. అందుకే కొడుకులు, బిడ్డలు, అన్నదమ్ములు ఒక్కచోట ఉన్న పండగ పూట చూసుకుని విషయం చెప్పండి. "మరి పిట్టకు పెట్టుడెట్ల? దినాలెట్ల?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఫొటో పెట్టి దినాలు చేసుకోవచ్చని మీ నోటితోనే చెప్పండి. 2024లో సీపీఎం నేత సీతారాం ఏచూరి దేహాన్ని కుటుంబం ఢిల్లీ ఎయిమ్స్‌కు బోధన, పరిశోధనల కోసమే ఇచ్చింది. పెద్దలకు ఆ మాట పనికొస్తుంది.

ఇల్లు ఒప్పుకున్నాక, దగ్గర్లోని మెడికల్ కాలేజీలో అనాటమీ (మనిషి ఒంటి నిర్మాణం నేర్పే) విభాగానికి వెళ్లండి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ కాలేజీలున్నాయి. ఆధార్, ఫొటోలు పట్టుకెళ్లండి, సాక్షిగా దగ్గరి బంధువునూ తీసుకెళ్లండి. అర్ధరాత్రి, ఆదివారం ఎవరికి ఫోన్ చేయాలి, బండి వాళ్లే పంపుతారా అన్నవి అక్కడే అడిగేయండి. ఆ నంబరు గోడ మీది క్యాలెండర్ పక్కన రాసిపెట్టండి. మన ఫోన్ లాక్ ఆ వేళ ఎవరు తీస్తారు?

అవయవదానం వేరే దారి. బ్రెయిన్ డెడ్ అయి (మెదడు పూర్తిగా పనిచేయడం ఆగి) వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ల గుండె, కాలేయం, కిడ్నీలు జీవన్‌దాన్ (ప్రభుత్వ అవయవదాన పథకం) ద్వారా వేరేవాళ్లకు వెళ్తాయి. అలా అవయవాలు తీసిన దేహాన్ని అనాటమీ వాళ్లు సాధారణంగా తీసుకోరు. కళ్లు ఇచ్చినా దేహం ఇవ్వవచ్చు.

ప్రాణం పోయిన వెంటనే డాక్టరుతో మరణ ధ్రువీకరణ రాయించి, కాలేజీకి ఫోన్ చేయాలి. కళ్లు ఇస్తే ఆరు గంటల్లోపే తీయాలి. అప్పటిదాకా రెప్పలు మూసి తడి దూది పెట్టండి, తల కింద దిండు పెట్టి ఫ్యాను ఆపేయండి. బండి ఆలస్యమైతే ఐస్ బాక్స్ తెప్పించండి. యాక్సిడెంటు, పురుగుల మందు, పాముకాటు కేసైతే పోస్టుమార్టం తప్పదు, ఇక కాలేజీ తీసుకోదు. హెచ్ఐవీ, హెపటైటిస్ ఉన్నా అంతే.

కాలేజీకి చేరాక రక్తనాళం గుండా ఫార్మలిన్ (కుళ్లకుండా కాపాడే మందు) ఎక్కించి భద్రపరుస్తారు. ఎంబీబీఎస్ మొదటి ఏడాది పిల్లలు మనిషి ఒంటిని నేర్చుకునేది దాని మీదనే. దేహం అప్పజెప్పినట్టు కాలేజీ ఇచ్చే కాగితం జాగ్రత్త. 21 రోజుల్లోపు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో మరణం నమోదు చేయించేటప్పుడు "దహనం ఎక్కడ?" అని అడిగితే చూపించాల్సింది దాన్నే.